పక్కసీటు మనిషి

ఆ ఉదయం పక్కసీటు కారు తలుపు తీసుకుని రోడ్డు మీదికి దిగింది ఉద్యోగానికా, తన తప్పుకా? ఎన్నేళ్ళుగా ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఉద్యోగానికే అనుకుంటే, ఆ తర్వాత అతను చేసింది ఉద్యోగంలో లేని పని. తప్పుకే అనుకుంటే, తలుపు పిడి మీద చెయ్యేసుకుని అంతసేపు లోపలే ఎందుకు కూర్చున్నట్టు?

పక్కసీటు అనేది పేరు కాదు, అతను చేసే పని. ఊరికి మంచినీళ్ళ గొట్టాలు వేయడానికి విదేశీ కంపెనీ ఒకటి వచ్చింది, దాని వెనక ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళలో కొందరు మా కార్లు మేమే నడుపుకుంటామని పట్టుబట్టారు. ఒకాయన అలాగే నడుపుతూ ఓ మోటారు సైకిలు అద్దాన్ని గీకాడు. పెద్దమనిషి తరహాలో కిందికి దిగి, నేర్చుకున్న నాలుగు మాటల్లోంచి ఒకటి ఏరి, "క్షమించండి" అన్నాడు. ఆ ఊరి రోడ్డు మీద ఆ మాట అన్నవాడు నేరం ఒప్పుకున్నట్టే లెక్క. చుట్టూ మూగినవాళ్ళు ఆయన దవడ విరగ్గొట్టారు. దాంతో కంపెనీ ఒక కొత్త ఉద్యోగాన్ని పుట్టించింది. విదేశీ మనిషి కారు నడుపుతుంటే పక్కసీట్లో ఊరి మనిషి ఒకడు ఉండాలి. ఏదైనా తగిలితే ముందు అతనే దిగాలి, ముందు అతనే అరవాలి. దెబ్బలంటూ ఉంటే అవీ ముందు అతనే తినాలి. కాగితాల మీద ఆ కొలువుకి మర్యాదైన పేరేదో రాసుకున్నారు. జనం మాత్రం పక్కసీటు అన్నారు, అదే నిలిచిపోయింది. చివరికి అతని ఇంటావిడ కూడా పొరుగమ్మలతో "మా పక్కసీటు ఇంకా రాలేదు" అనడం మొదలుపెట్టింది.

అంతకుముందు అతను ప్రైవేటు బస్సులో కండక్టరు. వెనక మెట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే ముందు చక్రం ఆగేదని చెప్పుకునేవాళ్ళు. యజమాని బస్సులు అమ్మేసుకున్నాక ఆ గొంతొక్కటే అతనికి మిగిలింది. కంపెనీ ఆఫీసులో "ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు.

"కూర్చోవాలి."

"అంతేనా?"

"చాలామటుకు అంతే."

మిగతాది ఏమిటో తొందర్లోనే తెలిసొచ్చింది. సందు మలుపులో వాళ్ళ కారు ఓ ఆటో వెనక భాగాన్ని ముద్దాడింది. ఆటోవాడు మాటల్లేకుండా సీటు కిందనుంచి చక్రాల పానా తీశాడు. పక్కసీటు దిగి నోరు తెరిచేలోగానే ఆ పానా నోటి మీద పడింది. పెదవి రెండుగా చీలింది, ముందు పళ్ళు నాలుక మీదికి రాలాయి. కళ్ళముందు చీకటి కమ్మినా అతను కింద పడలేదు. పళ్ళని అరచేతిలోకి ఉమ్మి, ఆ నెత్తుటి చేతిని ఆటోవాడి ముక్కు ముందు పెట్టి, "చాలా నాయనా? ఇంకా కావాలా?" అని అడిగాడు. ఆటోవాడు బిక్కచచ్చిపోయాడు. పానా కింద పారేసి, తన నీళ్ళ సీసానే తీసుకొచ్చి నోరు కడుక్కోమన్నాడు.

ఆ పని కిటుకంతా అతనికి ఆ రోజే బోధపడింది. జనానికి కావలసింది న్యాయం కాదు, కోపం దిగడానికి ఒక చోటు కావాలంతే. ఆ చోటేదో మనమే ముందుగా చూపించాలి. దిగీ దిగగానే మన కారు బానెట్ మీదే చరిచి, లోపలున్న ఇంజనీరుని "కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఎవడిచ్చాడు నీకు లైసెన్సు?" అని వాళ్ళకంటే ముందు మనమే తిట్టేయాలి. తిట్టాలనుకున్నదంతా మనమే తిట్టేస్తే వాళ్ళకి మాటలు మిగలవు. తర్వాత గుంపులో అందరికంటే లావుగా ఉన్నవాడి ఎదురుగా నిలబడి మొదటి దెబ్బ తినాలి. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఎత్తకూడదు. ఎత్తామా, మనం మనిషిగా మిగలం, ముక్కలుగా మిగులుతాం.

కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక, గొడవ వాసన రాగానే అవి తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టేసేవాడు. పళ్ళు అరలోకి వెళ్ళాయంటే తలుపులు బిగించుకుని చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చోవాలని ఇంజనీర్లకి అర్థమైపోయింది. కాలరు పట్టి లాగినప్పుడల్లా చొక్కా చిరిగిపోతుంటే ఇంటావిడకి విసుగొచ్చి, గుండీలు పీకేసి టిచ్ బటన్లు కుట్టింది. ఇక ఎవడు లాగినా బటన్లు టపటపా ఊడొచ్చేవి, చొక్కా మాత్రం చిరిగేది కాదు.

"నీ వంటికి కూడా ఇలాంటివి కుట్టగలిగితే బాగుండును" అనేదావిడ, వీపు మీద కమిలిన చోటల్లా మందు రాస్తూ.

అలా ఎంతోమందికి పక్కసీటుగా కూర్చున్నాక అతని వంతుకి చారలాయన వచ్చాడు.

చారలాయన పంపుల ఇంజనీరు. పొడుగాటి మనిషి, నెమ్మదస్థుడు, నోట్లో నాలుక లేనట్టుంటాడు. స్టీరింగు పట్టుకున్నాడంటే మాత్రం మహా మొండి. రోడ్డుకి అడ్డంగా తెల్లచారలు కనిపిస్తే చాలు, అంచు మీద ఎవరైనా నిలబడి ఉంటే కారు ఆపేస్తాడు. ఆ ఊళ్ళో ఆ చారలంటే రోడ్డుకి పూసిన సున్నం, అంతకుమించి ఏమీ కాదు. అక్కడ ఎవరూ ఆగరు, ఆగుతారని ఎవరూ అనుకోరు. దాటేవాళ్ళు వాహనాల సందుల్లోంచి వంపులు తిరుగుతూ, తమ ప్రాణం తాము చూసుకుంటూ దాటుకుంటారు. అలాంటి చోట ఈయన ఆగేసరికి వెనకవాళ్ళు గుద్దేవాళ్ళు, గుద్ది మళ్ళీ వాళ్ళే కొట్టడానికి వచ్చేవాళ్ళు. ఆయనకి ఆ పేరు పెట్టింది కూడా వాళ్ళే.

"సార్, ఇక్కడ ఆగకండి. దణ్ణం పెడతాను" అనేవాడు పక్కసీటు.

"మా దేశంలో ఆగకపోతే లైసెన్సు పోతుంది."

"మా ఊళ్ళో ఆగితే నా పళ్ళు పోతున్నాయి సార్."

"ఒకరు మొదలుపెడితే కదా, అందరూ నేర్చుకునేది" అనేవాడాయన, చిలక్కి చెప్పినట్టు.

పసుపు లైటు దగ్గర కూడా అదే వరస. ఆ ఊళ్ళో పసుపంటే త్వరగా పొమ్మని. ఆయన ఆగాడు, వెనకున్న బస్సు వచ్చి కారు డిక్కీని సగానికి నొక్కేసింది. బస్సు క్లీనరు తాళంకప్ప వేలాడుతున్న గొలుసు చేత పట్టుకుని దూకాడు. పక్కసీటు పళ్ళు తీసి లోపల పెట్టి, తిడుతూ దిగి, మొదటి దెబ్బకి చెంప ఇచ్చాడు. గొలుసు చెంపకి తగిలి, కప్ప తిరిగొచ్చి ఎడమ కంట్లో పడింది. వేడినీళ్ళేవో చెంప మీదుగా కారుతున్నాయనుకున్నాడు. తుడుచుకుని చూసుకుంటే చెయ్యి ఎర్రగా, జిగురుగా ఉంది. మోకాళ్ళ మీద కూలబడ్డ ఆ మనిషిని కూడా క్లీనరు మరో రెండు తన్నులు తన్ని గానీ బస్సెక్కలేదు.

ఎడమకన్ను ఆనాటితో సరి. వెలుగేదో చీకటేదో చెబుతుంది, అంతే. కళ్ళ డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. "కుడిదానికి కూడా లోపల పొర వదులైంది. గట్టిగా ఒక్క దెబ్బ తగిలిందంటే అదీ జారిపోతుంది. అప్పుడు నా దగ్గరికి రాకు, కర్ర కొనుక్కో" అంది.

ఈ సంగతి ఇంటావిడకి తప్ప అతను ఎవరికీ చెప్పలేదు. కంపెనీకి తెలిస్తే మర్నాటినుంచే రావద్దంటారు. ఆ వయసులో ఆ మొహంతో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? నల్లద్దాలు తగిలించుకుని, ఎండ పడటం లేదని చెప్పి మళ్ళీ ఆ సీట్లోనే కూర్చున్నాడు. అయితే ఇదివరకటి మనిషి కాదు. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, తల దానంతటదే పక్కకి తిరిగిపోయేది. వెనక హారన్ మోగితే చెయ్యి కుడికంటి మీదికి వెళ్ళేది.

ఆ హారన్లు అన్నిటికంటే ఎక్కువగా మోగేది ఒకే చోట. కంపెనీకి వెళ్ళే దారిలో టైర్ల షాపు ఎదుట తెల్లచారలుండేవి. ప్రతి ఉదయం వీళ్ళ కారు వచ్చే వేళకి గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడు తన బడ్డీకి వెళ్ళడానికి ఆ అంచున నిలబడి ఉండేవాడు. ఆయన ఇల్లు పక్కసీటు ఉండే సందులోనే. కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని నడిచే మనిషి. చారలాయన కారు ఆపి చెయ్యి ఊపేవాడు, దాటండి అని. గడియారాలాయన అదేదో ఎరలాగుందని అనుమానించి, మీరే పొండి అన్నట్టు తనూ చెయ్యి ఊపేవాడు. ఆయన మళ్ళీ ఊపేవాడు, ఈయనా మళ్ళీ ఊపేవాడు. పెళ్ళిలో వియ్యంకులు ముందు మీరంటే ముందు మీరన్నట్టుండేది వాళ్ళ తంతు. ఈలోగా వెనకవాళ్ళు అగ్గిమీద గుగ్గిలమైపోయి దిగి వచ్చేవాళ్ళు. ఒకడు వీపు మీద గుద్దితే ఇంకొకడు హెల్మెట్‌తో నెత్తి మీద మోదేవాడు. ఎవడో ఒకరోజు అద్దంలోంచి చెయ్యి దూర్చి అతని నల్లద్దాలు పీకి కాలికింద నలిపేశాడు. ఆ వేలు కుడికంటికి వెంట్రుకవాసి దూరంలోంచి పోయింది.

ఆ సాయంత్రం పక్కసీటు గడియారాల బడ్డీ దగ్గరికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏరా తమ్ముడూ, మళ్ళీ పగలగొట్టుకొచ్చావా? నీ చేతికి గడియారం దండగరా. ఎండని చూసి టైము చెప్పుకో."

"గడియారం కాదన్నా, నా కన్ను సంగతి." ఎడమకన్ను, కుడికన్ను, డాక్టరమ్మ చెప్పింది, అన్నీ చెప్పేశాడు. "నువ్వు అక్కడ నిలబడి చూస్తున్న కొద్దీ వెనకాల నాకు పడుతున్నాయి. రేపట్నుంచి మా కారు ఆగిందంటే నువ్వు కళ్ళు మూసుకుని దాటెయ్. అటూ ఇటూ చూడకు. మా కారు ఉందిగా అడ్డం, ఇంకెవడు వస్తాడు?"

గడియారాలాయన భూతద్దం పైకి తోసుకుని అతని కళ్ళలోకి చూశాడు, పాడైన యంత్రంలోకి చూసినట్టే. తర్వాత నవ్వాడు.

"అంటే నీ కన్ను కోసం నా కళ్ళు మూసుకోమంటావ్."

"నీ కాళ్ళు పట్టుకుంటానన్నా."

"పట్టుకోకు. మళ్ళీ నడవాలిగా వాటితో" అన్నాడాయన.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మొదట్లో బెదురుతూనే దాటాడు, రోజులు గడిచిన కొద్దీ పరాకుగా దాటడం అలవాటైపోయింది. కారు ఆగడం, ఆయన గొడుగు ఎత్తి పలకరించి, ఎటూ చూడకుండా రోడ్డు దాటేయడం, కారు కదలడం. వెనకవాళ్ళకి హారన్ కొట్టే తీరికే ఉండేది కాదు. చారలాయన మొహం వెలిగిపోయింది. "చూశారా? నేర్చుకున్నారు!" అని స్టీరింగు మీద దరువేశాడు. పక్కసీటు అవునన్నాడు. ఇదివరకు కారు ఆగగానే అతను అద్దంలోంచి నడుందాకా బయటికి వంగి, చెయ్యి అడ్డం పెట్టి, కండక్టరు గొంతుతో వెనకవాళ్ళని నిలిపేవాడు. దాటడం త్వరగా అయిపోతుండేసరికి అది మానేశాడు. మొహం బయట పెడితే ఎవడో ఒకడు ఏదో ఒకటి విసురుతాడు, ఎందుకొచ్చిందని అద్దం పైకెత్తేసుకునేవాడు.

ఆ ఉదయం కూడా అద్దం ఎత్తే ఉంది. కారు ఆగింది. గడియారాలాయన గొడుగు ఎత్తాడు, చారల మీద అడుగేశాడు. వెనకనుంచి నీళ్ళ ట్యాంకరు ఒకటి వచ్చింది. ముందు కారు ఎందుకు ఆగిందో దాని డ్రైవరుకి పట్టలేదు, ఆ ఊళ్ళో ఎవరికీ పట్టదు. హారన్ మీద చెయ్యి తీయకుండా కారు పక్కనుంచి దూసుకొచ్చాడు. పక్కసీటుకి కేక వేసే వ్యవధి ఉంది. వేశాడు కూడా. ఆ కేక అద్దం లోపలే ఉండిపోయింది.

ట్యాంకరు ముందు కమ్మీ గడియారాలాయన నడుముకి తగిలింది. ఆయన ఎగరలేదు, కిందికి వెళ్ళిపోయాడు. ముందు చక్రం ఒకసారి ఎగిరి దిగింది, వెనక చక్రాలు ఎగిరి దిగాయి. ఎముకల చప్పుడు కారు లోపలికి కూడా వినిపించింది. ట్యాంకరు ఆయన్ని కొంతదూరం ఈడ్చుకుపోయి, వదిలేసి, వేగం పెంచి మలుపు తిరిగింది. తెల్లచారల మీద గొడుగుంది. ఆయనేమో టైర్ల షాపు ముందు, మనిషి పడుకునే తీరులో కాకుండా పడి ఉన్నాడు. ఒక కాలు వీపు కిందికి మడిచి ఉంది. నుదురున్న చోట నుదురు లేదు.

చారలాయన తలుపు తీసి పరిగెత్తాడు. "సార్, దిగొద్దు! దిగొద్దు సార్!" అన్న మాట ఆయన చెవికెక్కలేదు. నెత్తుట్లో మోకాళ్ళ మీద కూలబడి, నలిగిన తలని ఒళ్ళోకి తీసుకుని, వచ్చినవాళ్ళందరివైపూ చూస్తూ, "క్షమించండి. నేను ఆపాను. నేను చెయ్యి ఊపాను. క్షమించండి" అనడం మొదలుపెట్టాడు.

ట్యాంకరు ఎలాగూ పోయింది. కళ్ళెదుట ఒప్పుకుంటున్నవాడు ఉన్నాడు. మొదటి తన్ను చారలాయన పక్కటెముకల్లో పడింది. ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు, ఇంకెవరో మొహం మీద కాలితో తొక్కారు. టైర్ల షాపు యజమాని, జనం టైర్లన్న అని పిలిచే భారీ మనిషి, టైరు విప్పే ఇనప కమ్మీతో ఆయన ముంజేతి మీద కొట్టాడు. ముంజెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య ఇంకో కీలున్నట్టు వంగిపోయింది.

పక్కసీటు పళ్ళు తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగిపోయాడు. బయట ఇటుకలు లేస్తున్నాయి, కమ్మీలు లేస్తున్నాయి. అందులోకి దిగితే కుడికన్ను ఉండదు. అతనికి రేపటినుంచి రాబోయే చీకటి కనిపించింది, చీకట్లో తన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఇంటావిడ కనిపించింది. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. బయట చారలాయన కేకలు మూలుగుల్లోకి దిగేటంత సేపు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

అలవాటు ప్రకారం బానెట్ మీద గట్టిగా చరిచాడు. "గుడ్డి వెధవా! నిన్ను ఎవడు ఆగమన్నాడు?" అని చారలాయన్ని తిట్టాడు. జనం తిరిగి చూడను కూడా లేదు. తోసుకుంటూ టైర్లన్న ఎదుటికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆయన కాదు. నేను. దాటమన్నది నేను. కళ్ళు మూసుకుని దాటమని నేనే చెప్పాను."

టైర్లన్న చెమట తుడుచుకుంటూ జాలిగా చూశాడు. "తప్పుకో బాబాయ్. నీ ఉద్యోగం మాకు తెలుసులే."

"ఉద్యోగం కాదురా! నిజం! బడ్డీకెళ్ళి కాళ్ళు పట్టుకుని చెప్పాను!"

"జీతం తీసుకున్నందుకు బాగా చెబుతున్నావ్" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఎవరో నవ్వారు కూడా. ఇంకొకడు అతన్ని భుజాలు పట్టి, ముసలివాణ్ణి దారిలోంచి తప్పించినట్టు పక్కకి నిలబెట్టాడు. "నీకెందుకు బాబాయ్, ఎన్నాళ్ళు తింటావ్ వీళ్ళ దెబ్బలు? ఈ ఒక్కరోజు మమ్మల్ని అసలువాణ్ణి కొట్టనీ."

ఇన్నేళ్ళూ ఎవరెవరి దెబ్బలో అడక్కుండా అతనికి పంచిపెట్టినవాళ్ళు, తనదైన దెబ్బని అడిగితే ఇవ్వలేదు. కింద చారలాయన నోట్లోంచి నురగ వస్తోంది. టైర్లన్న మళ్ళీ కమ్మీ ఎత్తాడు, ఈసారి తల మీదికి.

పక్కసీటు చెయ్యెత్తాడు.

పిడికిలి టైర్లన్న ముక్కు మీద పడింది, ముక్కు మగ్గిన పండులా చితికింది. కమ్మీ జారితే దాన్ని అందుకుని మోకాలి మీద కొట్టాడు. మనిషి కూలబడ్డాక భుజం మీద కొట్టాడు. కొట్టవలసిన అవసరం అక్కడితో అయిపోయింది. కానీ చెయ్యి ఆగలేదు. పళ్ళు లేని నోటితో ఏదో అరుస్తూ, అడ్డం వచ్చినవాడి మోచేతినీ, వెనక్కి జరుగుతున్నవాడి వీపునీ, దొరికినవాణ్ణి దొరికినచోట కొడుతూనే పోయాడు. ఆటోవాడి పానా, క్లీనరు గొలుసు, హెల్మెట్లు, ముష్టిఘాతాలు, తిన్నవన్నీ ఒక్కొక్కటే వాపసు ఇస్తున్నట్టుంది. చూసినవాళ్ళు తర్వాత చెప్పిందేమిటంటే, ఆ కాసేపూ అతని మొహంలో బాధ లేదట. ఆకలి తీరుతున్నవాడి మొహంలా ఉందట.

అప్పుడు జనం అతని మీదికి తిరిగారు. పక్కనున్న మందుల షాపువాళ్ళు ఆ అదను చూసి చారలాయన్ని లోపలికి లాక్కుని షట్టరు దించేశారు. రోడ్డు మీద పక్కసీటుని పడేసి కొట్టారు. ఇటుకతో, కర్రతో, చెప్పుతో, కాలితో. టిచ్ బటన్ల చొక్కా ఎప్పుడో ఊడిపోయింది. అతను తల దాచుకోలేదు, పొట్ట దాచుకోలేదు. కుడి అరచెయ్యి మాత్రం కుడికంటి మీద బోర్లించి పెట్టుకున్నాడు. ఒకడు అది చూసి, అక్కడేదో ఉందని ఆ చేతి మీదే కమ్మీతో కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. వేళ్ళు విరుగుతున్నా చెయ్యి కదల్లేదు.

ఆసుపత్రిలో కట్లు విప్పి చూసిన డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చెయ్యి ఇంక పనికిరాదు. కన్ను మాత్రం ఎలా మిగిలిందో దేవుడికే తెలియాలి."

కన్ను మిగిలింది. దానితో అతను పక్క మంచం మీదున్న చారలాయన్ని చూడవలసి వచ్చింది. ఆయన చేతికి సిమెంటు కట్టు, పక్కటెముకలకి పట్టీ, దవడకి తీగలు. అయినా ఆ తీగల మధ్యనుంచే మాట కూడదీసుకుని, "మీరు నా ప్రాణం కాపాడారు" అనేవాడు, నిద్ర లేచినప్పుడల్లా.

"సార్, నేను చెప్పింది నిజం. దాటమన్నది నేనే."

"నా కోసం ఇంకా అబద్ధం చెబుతున్నారు. నేను చచ్చేదాకా మర్చిపోను." ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

పోలీసు వాఙ్మూలం రాసుకోవడానికి వచ్చినప్పుడు పక్కసీటు అదే చెప్పాడు. పోలీసు కలం మూసి నవ్వాడు. "మీ కంపెనీవాళ్ళు ఇంత బాగా నేర్పిస్తారనుకోలేదు. ఆసుపత్రిలో కూడా డ్యూటీయేనా? గుద్ది పారిపోయింది ట్యాంకరువాడు, వాణ్ణి వెతుకుతున్నాం. నువ్వు పడుకో."

ఇంటావిడ అతనికి అన్నం కలిపి నోట్లో పెడుతూ, ఒకసారి మాత్రం, "ఇన్నాళ్ళూ చెయ్యి ఎత్తనివాడివి" అని ఆగిపోయింది.

చారలాయన్ని చక్రాల కుర్చీలో కట్టు మార్చడానికి తీసుకెళ్ళిన ఒక ఉదయం, గడియారాలాయన భార్య వచ్చింది. సన్నటి మనిషి. మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చోలేదు.

పక్కసీటు లేవబోయాడు. "వదినా, నీకో మాట చెప్పాలి. అందరికీ చెప్పాను, ఎవరూ..."

"నాకు తెలుసు" అంది.

సగం లేచినవాడు అలాగే మంచం అంచున కూర్చున్నాడు.

"ఆయనే చెప్పాడు. నువ్వు బడ్డీకి వచ్చిన రోజే చెప్పాడు. అన్నం తింటూ నవ్వుకున్నాం. వాడి కన్ను కోసం రేపట్నుంచి గుడ్డివాణ్ణి నేను అన్నాడు. రోజూ బయల్దేరేముందు ఇంట్లో కూడా కళ్ళు మూసుకుని గుమ్మం దాకా నడిచి చూపించేవాడు, నన్ను నవ్వించడానికి." ఆమె గొంతులో కోపం లేదు, తడి లేదు. "వద్దని నేనూ అనలేదు."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. అతను తల వంచాడు. కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఎదుటివాళ్ళు చెయ్యెత్తితే పక్కకి తిరిగిపోయే తల ఆ వేళ కదలకుండా ఉంది. చెంప ఆమెకి అందేంత దగ్గరలో పెట్టి ఎదురుచూశాడు.

"కన్ను ఉందా?" అని అడిగింది.

"ఉంది వదినా."

ఆమె వంగి ఆ కంట్లోకి చూసింది, ఉందో లేదో తనే చూసుకోవాలన్నట్టు. "సరే. ఉండనీ" అంది. కొంగు సర్దుకుని, మంచాల వరుస మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది.

కొంతసేపటికి కుర్చీ తోసుకుంటూ వచ్చి చారలాయన్ని మంచం మీద పడుకోబెట్టారు. ఆయన చాలా హుషారుగా ఉన్నాడు. "దవడ తీగలు వచ్చే వారం తీసేస్తారట. మిమ్మల్ని మా దేశం తీసుకెళ్ళి ఆ చేతికి వైద్యం చేయిస్తాను. మా వాళ్ళందరికీ చూపిస్తాను. ఈయనే నన్ను కాపాడింది అని." పక్కసీటు గోడవైపు తిరిగి విన్నాడు. ఎక్స్‌రే కోసం ఆయన్ని మళ్ళీ పిలిచారు. కుర్చీలో కూర్చుంటూ ఆయన మంచి చెయ్యి ఎత్తి, "ఇప్పుడే వస్తాను. వచ్చాక ఆ సంగతి వివరంగా మాట్లాడుకుందాం" అన్నాడు.

కుర్చీ చక్రాల చప్పుడు వసారా చివర మలుపు తిరిగేదాకా పక్కసీటు ఊరుకున్నాడు. తర్వాత ఎడంచేత్తో దుప్పటి తీసి, మంచం కిందినుంచి చెప్పులు కాలితో లాక్కుని, ఇంటావిడ మడిచి పెట్టిన చొక్కా భుజాన వేసుకున్నాడు. నర్సు మందుల బీరువా దగ్గర వెనుదిరిగి ఉంది. ఆమెకీ చెప్పలేదు. మెట్ల దగ్గర ఇంటావిడ ఎదురొచ్చింది, చేతిలో ఫ్లాస్కుతో.

"ఎక్కడికి? డాక్టరు వదిలిందా?"

"మీ అన్నయ్య వాళ్ళ ఊరికి ఎన్నింటికుంది బస్సు?"

ఆమె అతని మొహం చూసింది. చేతికున్న కట్టు చూసింది. వెనక్కి వార్డువైపు చూసింది. "ఆ మారాజుకి ఒక మాట చెప్పి రాకపోయావా? పాపం, నీకోసం వెతుక్కుంటాడు."

పక్కసీటు గోడ పట్టుకుని, మిగిలిన కన్నుతో ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయాడు.